వేషమంటే మోసమేనా? ‘మారువేషం’ అనే మాట పుట్టుక గురించి ఒక ఉపాధ్యాయినికి

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పాండవుల అజ్ఞాతవాసం గురించి రాయమంటే మా ఎనిమిదో తరగతి పిల్లలలో కొందరు ‘మారువేషం’ అని, కొందరు ‘మారువేశం’ అని, ఒక అమ్మాయి మాత్రం ‘మారువేసం’ అని రాశారు. ఏది దిద్దాలో, దేనికి మార్కు ఇవ్వాలో తేల్చుకోలేకపోయాను. ఇంతలో ఒక విద్యార్థి ‘మారువేషమంటే మోసం చేయడానికి వేసుకునేది’ అని అర్థం చెప్పాడు. అది వినగానే తరగతిలో ఒక అబ్బాయిని మిగిలినవాళ్ళు వెక్కిరించారు, ఎందుకంటే అతని తాతగారు పగటివేషాలు వేసేవారు. ఆ పిల్లవాడు ఆ పూటంతా తల ఎత్తలేదు. అసలు ఈ మాట ఎక్కడిది? దీనిలో మోసమనే అర్థం ఉన్నదా? ఆకుల్లో, కొమ్మల్లో కలిసిపోయి కనిపించకుండా ఉండే పురుగుల విషయంలో కూడా ‘మారువేషం’ అనవచ్చునా అని మా సైన్సు మాస్టారు అడుగుతున్నారు. ఆయనకు ఏమని చెప్పమంటారు?

సమాధానం: ఉపాధ్యాయిని గారికి నమస్కారం. జవాబు పత్రాలు దిద్దవలసిన తొందర ఉంటుంది కనుక ముందుగా వర్ణక్రమం సంగతి చెబుతాను. తెలుగులో ప్రామాణికమైన రూపం ‘మారువేషం’. ‘మారువేసం’ అని రాసిన అమ్మాయి కూడా తప్పు రాయలేదు. విషము విసమైనట్లు, దోషము దోసమైనట్లు, భాష బాస అయినట్లు, వేషము అనే ప్రకృతికి వేసము అనేది వికృతి. ప్రకృతి వికృతులను మనమే పాఠంగా చెప్పి, పిల్ల ఆ వికృతిని తన వాక్యంలో సహజంగా వాడినప్పుడు ఎర్ర సిరాతో కొట్టివేయడం న్యాయం కాదు. ఆ అమ్మాయికి పూర్తి మార్కు ఇవ్వండి, వీలైతే ఆ రూపాన్ని బోర్డు మీద రాసి చూపించండి.

‘మారువేశం’ విషయంలో కొంచెం వివరంగా మాట్లాడవలసి ఉంది. దుస్తులు, అలంకరణ అనే అర్థంలో సంస్కృతంలో ‘వేష’, ‘వేశ’ అనే రెండు రూపాలూ కనిపిస్తాయి. కాబట్టి శకారం రాసిన పిల్లలది పూర్తిగా ఆధారం లేని తప్పు అనలేము. అయితే ‘వేశ’ శబ్దానికి తనదైన వేరే పుట్టుక ఉన్నది. అది ప్రవేశించడమనే అర్థమున్న ‘విశ్’ ధాతువు నుండి వచ్చింది. ప్రవేశం, నివేశనం, ఆవేశం, ఇల్లు అనే అర్థమున్న వేశ్మం, ఇవన్నీ ఆ కుటుంబంలోవే. సంస్కృత పర్యాయపద నిఘంటువైన అమరకోశం ‘వేశ’ శబ్దాన్ని వేశ్యలు నివసించే చోటు అనే అర్థంలో చెబుతుంది, ‘వేశ్య’ అనే మాటకు మూలం కూడా అదే. షకారమున్న ‘వేష’ శబ్దాన్ని మాత్రం వ్యాపించడమనే అర్థమున్న ‘విష్’ ధాతువు నుండి సాధిస్తారు. ఒంటిని వ్యాపించి ఉండేది కనుక వేషం. అంతటా వ్యాపించినవాడు విష్ణువు అని, ఒళ్ళంతా వ్యాపించేది విషం అని చెప్పే సంప్రదాయ వ్యుత్పత్తులకు కూడా ఈ ధాతువే ఆధారం. పిల్లలకు గుర్తుండాలంటే ఆవేశాన్నీ వేషాన్నీ పక్కపక్కన నిలబెట్టి చెప్పండి. ఆవేశం మనిషి లోపలికి ప్రవేశించేది కాబట్టి శకారం, వేషం మనిషిని పైనుండి ఆవరించేది కాబట్టి షకారం. ఇంత చెప్పిన తరువాత కూడా శకారమే రాస్తే అప్పుడు మార్కు తగ్గించవచ్చు. ఈసారికి మాత్రం దిద్ది వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక మొదటి భాగమైన ‘మారు’ అచ్చమైన తెలుగు మాట. పాత రాతలో దీనిని బండి రతో ‘మాఱు’ అని రాసేవారు. తమిళంలో కూడా ఇది బండి రతోనే ఉన్నది. మన మారువేషాన్ని వారు ‘మాఱువేడం’ అంటారు. మారడం, ఒకదాని బదులు మరొకటి రావడం, తిరిగి రావడం, ఇవన్నీ ఈ మాట అర్థాలు. సరుకు ఇచ్చి దాని బదులు మరొకటి పుచ్చుకోవడమే ఒకనాటి వ్యాపారం కాబట్టి కన్నడంలో ఇదే మాటకు అమ్మడమనే అర్థం స్థిరపడింది. మన మారుబేరంలో కూడా ఆ వాసన ఉన్నది. మారుపేరు, మారుమాట, మారుమనువు, మారుతల్లి వంటి సమాసాలు చూడండి. మారుపేరు అంటే దొంగపేరు అని అర్థం కాదు. ఉన్న పేరుకు బదులుగా వాడే మరొక పేరు. మారుతల్లి దొంగతల్లి కాదు. తల్లి స్థానంలోకి వచ్చిన మరొక తల్లి. అదే విధంగా మారువేషమంటే తనకు అలవాటైన వేషానికి బదులుగా ధరించిన మరొక వేషం. దేశ్య పదమూ తత్సమమూ కలిసిన ఈ మిశ్రసమాసంలో దాచడమనే అర్థమున్న పదం ఒక్కటి కూడా లేదు. చూసేవారు గుర్తుపట్టలేకపోవడం వేషం మార్చినందువల్ల కలిగే ఫలితం. ఆ ఫలితాన్ని ఏ ఉద్దేశంతో కోరుకున్నారన్న విషయం ఈ మాట మనకు చెప్పదు.

‘వేషం’ దగ్గర ఇంకొంతసేపు ఆగాలి, ఎందుకంటే మీ తరగతిలో జరిగినదానికి జవాబు ఆ మాటలోనే ఉన్నది. అమరకోశం మనుష్యవర్గంలో ‘ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్’ అని ఒక పాదం ఉన్నది. అలంకరించుకోవడానికీ, అందంగా తయారవడానికీ ఉన్న పేర్ల వరుస అది. వంచనకు సంబంధించిన మాటలైన కపటం, వ్యాజం, దంభం, ఉపధి, ఛద్మం, కైతవం మరొక వర్గంలో, వేరే చోట వస్తాయి; ఆ వరుసలో వేషానికి చోటు లేదు. ఈ పాదంలోనే ఉన్న ‘నేపథ్యం’ ప్రయాణం కూడా తెలుసుకోదగినది. మొదట అది నటుడు ధరించే అలంకరణ. తరువాత ఆ అలంకరణ చేసుకునే తెర వెనుక చోటు. సంస్కృత నాటకాలలో ‘నేపథ్యే’ అని ఉంటే మాట తెర వెనుక నుండి వినిపిస్తున్నదని అర్థం. ఈనాడు మనం నేపథ్య సంగీతమని, ఒక సంఘటన నేపథ్యమని అంటున్నప్పుడు వాడుతున్నది ఒకప్పుడు వేషానికి పర్యాయపదంగా ఉన్న మాటనే.

నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు విధాల అభినయంలో వేషధారణ ‘ఆహార్యం’ కిందికి వస్తుంది. ఆంగిక, వాచిక, సాత్త్వికాలకు అది సమానమైన తోడు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా ప్రవేశించినప్పుడు, తెలుగు నాటకరంగం మీద స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలు ధరించినప్పుడు, ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులందరికీ వారు పురుషులని తెలుసు. తెలిసి ఉండి కూడా ఆ జడలో, ఆ నడకలో సత్యభామనే చూడగలిగారు. అది వంచన అయితే వంచింపబడినవారు ఎవరు? ‘వేషం కట్టడం’ అని తెలుగువారు ఎంతో గౌరవంగా చెప్పుకునే మాట అటువంటి సాధన నుండి వచ్చింది.

మరి ‘వేషాలు వేయకు’, ‘దొంగవేషాలు’ అనే వాడుకలు ఎక్కడివి అని పిల్లలు తప్పక అడుగుతారు. సన్న్యాసి వేషంలో తిరుగుతూ సన్న్యాసం లేనివారి మీద సమాజానికి కలిగిన విసుగు ఈ మాటకు నీడలా అంటుకుందని నేను అనుకుంటాను. జడలు కట్టి, గుండు గీయించుకుని, కాషాయం కట్టి తిరిగేవారిని గురించి భజగోవింద శ్లోకాలలో వచ్చే ‘ఉదరనిమిత్తం బహుకృతవేషః’ అన్న మాట తెలుగువారి నోట సామెతగా నిలిచిపోయింది. ‘తలలు బోడులైన తలపులు బోడులా’ అని వేమన అడిగిన ప్రశ్న కూడా అటువంటివారిని ఉద్దేశించినదే. అయితే వేమన ప్రశ్నను జాగ్రత్తగా వింటే ఆయన తప్పు పట్టింది తలపును, తలను కాదు. నింద పడవలసిన చోటు నుండి జారి, క్రమంగా వేషమనే మాట మీదే పడింది.

ఈ తేడాను తరగతిలో చెప్పడానికి రామాయణం కంటే మంచి ఉదాహరణ దొరకదు. అరణ్యకాండలో రావణుడు పరివ్రాజకుని రూపంతో సీత ఎదుటికి వచ్చాడు. కిష్కింధకాండలో హనుమంతుడు భిక్షువు రూపంతో రామలక్ష్మణుల ఎదుటికి వచ్చాడు. ఇద్దరూ భిక్షాటన చేసేవారి వేషాన్నే ఎంచుకున్నారు, ఇద్దరూ తామెవరో దాచుకునే వచ్చారు. ఒకడు అపహరించడానికి వచ్చాడు. మరొకడు, వచ్చినవారు తన ప్రభువుకు మిత్రులో శత్రువులో తెలుసుకోవడానికి వచ్చి, వారు బదులు చెప్పకముందే తనెవరో చెప్పుకున్నాడు. మాట్లాడిన తీరును బట్టి హనుమంతుణ్ణి రాముడు మెచ్చుకున్నాడు కూడా. రావణుడిది ‘కపటవేషం’ అని మనం అంటున్నప్పుడు కపటమనే విశేషణాన్ని పనిగట్టుకుని చేర్చవలసి వస్తున్నది. వేషంలోనే కపటం ఉంటే ఆ అవసరం వచ్చేది కాదు.

మీ పాఠంలోని విరాటపర్వానికి వస్తే, ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడుగా, అర్జునుడు బృహన్నలగా, నకులుడు దామగ్రంథిగా, సహదేవుడు తంత్రీపాలుడుగా, ద్రౌపది సైరంధ్రిగా ఉన్నారని పిల్లలు కంఠస్థం చేస్తారు. ఆ పేర్లు చెప్పించుకుని వదిలేయకుండా, ఎవరు ఏ వేషాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించమనండి. ప్రతివారూ తమలో నిజంగా ఉన్న ఒక నేర్పు చుట్టూనే వేషాన్ని కట్టుకున్నారు. నకులునికి గుర్రాల పెంపకం తెలుసు, సహదేవునికి పశువుల లక్షణాలు తెలుసు, అర్జునుడు ఇంద్రలోకంలో చిత్రసేనుని దగ్గర నృత్యగీతాలు నిజంగానే నేర్చుకున్నాడు. వింటినారి రాపిడికి రెండు చేతుల మీదా కాయలు కాశాయి కనుక వాటిని గాజులతో కప్పుకుంటానని అర్జునుడు అంటాడు. కప్పడానికి వ్యాసుడు అక్కడ వాడిన క్రియ ‘ఛద్’ ధాతువుది. దాని సంగతి తరువాత చెబుతాను. ఇంత చేసినా వేషం ఒక్కటే చాలదనే ఎరుక ఆ కథలో ఉన్నది. ఎవరూ గుర్తుపట్టకుండా ఉండేలా యమధర్మరాజు వరం ఇవ్వవలసి వచ్చింది. ‘అజ్ఞాతం’ అన్నది చూసేవారి తెలివికి సంబంధించిన మాట, వేషం ధరించేవారి ఒంటికి సంబంధించిన మాట. రెండూ ఒకే కథలో వచ్చినంత మాత్రాన ఒకే అర్థం కావు.

రాజ్యతంత్రంలో మాత్రం గుర్తుపట్టనివ్వకపోవడమే ప్రధాన ప్రయోజనం. కౌటిల్యుని అర్థశాస్త్రం గూఢచారులను కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అనే వేషభేదాలతో వర్ణిస్తుంది. తాపసి వేషంలో ఉన్న చారుణ్ణి ‘తాపసవ్యంజనుడు’ అంటుంది. వ్యంజనమంటే ఇక్కడ గుర్తు, పైకి కనిపించే చిహ్నం. అమరకోశంలో గూఢచారికి ఉన్న పేర్లలో మొట్టమొదటిది ‘యథార్హవర్ణుడు’, అంటే సందర్భానికి తగిన రూపాన్ని ధరించేవాడు. శాస్త్రకారులు చారుని పనికి ఇన్ని పేర్లు పెట్టుకోవలసి వచ్చిందంటే, వేషమనే మాట ఒక్కటే ఆ పనిని చెప్పలేదనే కదా.

ఇప్పుడు మన నేల మీది ఉదాహరణకు వస్తాను, ఎందుకంటే మారువేషమనే మాటకు ఉన్న రెండు ముఖాలూ ఒకే చోట కనిపించేది తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో. స్థానిక కథ ప్రకారం ఆడపిల్లలను చెరపడుతున్న పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. అతణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషం వేసింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసి వెతికింది. దొర వేషంలో వచ్చినప్పుడు తన పైవాడే వచ్చాడనుకుని పాలెగాడు బయటికి రాగా అతణ్ణి సంహరించింది. ఆ తరువాత మాతంగి వేషం వస్తుంది. కథలో ఇది నూటికి నూరుపాళ్ళూ మారువేషమే, గుర్తుపట్టనివ్వకపోవడమే దాని పని. అయితే అక్కడ దాక్కున్నది అమ్మవారు కాదు, పాలెగాడు. వేషం దాక్కున్న దుర్మార్గాన్ని బయటికి లాగడానికి పనికివచ్చింది.

జాతర రోజులలో భక్తులు అదే వరుసలో వేషాలు వేస్తారు. బైరాగి వేషం రోజున ఒంటికి తెల్లని నామం సుద్ద పూసుకుంటారు, మొక్కుకున్న మగవారు చీర కట్టి, పూలు ముడిచి, నగలు పెట్టుకుని గుడికి నడుస్తారు. వారి తల్లి, అక్కచెల్లెళ్ళు దగ్గరుండి చీర కుచ్చిళ్ళు సర్దుతారు. ఇక్కడ ఎవరి నుండీ ఏదీ దాచడం లేదు, వీధిలో అందరికీ అందరూ తెలుసు. అమ్మవారు వేసిన వేషాన్ని తానూ ధరించడమే మొక్కు తీర్చుకోవడం. ఒకే వేషం కథలో మారువేషంగా, జాతరలో మొక్కుగా ఉన్నది. ఈ ఒక్క ఉదాహరణ చెప్పినా మీ విద్యార్థి ఇచ్చిన నిర్వచనం ఎందుకు చాలదో తరగతి మొత్తానికి అర్థమవుతుంది.

పగటివేషాల మాట అందుకే ఇక్కడ, దీని పక్కనే చెప్పాలి. రాత్రిపూట దీపాల వెలుగులో, తెర కట్టి ఆడే ప్రదర్శనలకు భిన్నంగా పట్టపగలు వీధిలో వేసే వేషాలు కనుక వాటికి ఆ పేరు వచ్చింది. బహురూపులు అని కూడా అంటారు. దీనిలో ఎంత కష్టమున్నదో ఆలోచించండి. రంగస్థలం లేదు, తెర లేదు, దూరంగా కూర్చున్న ప్రేక్షకుడు లేడు. చూసేవాడు చేయి చాపితే అందేంత దగ్గరలో, ఎండ వెలుగులో నిలబడి ఉంటాడు. సోమయాజులు, ఎరుకల సింగి, ఫకీరు, పిట్టల దొర, బుడబుక్కలవాడు, వీరిలో ఏ వేషం కట్టినా ఆ మనిషి నడక, యాస, వృత్తి పరిభాష, కోపం వచ్చినప్పుడు చేతులు తిప్పే తీరు, అన్నీ తెలిసి ఉండాలి. అర్ధనారీశ్వర వేషంలో ఒకే మనిషి ఒక పక్క శివుడుగా, మరొక పక్క పార్వతిగా అలంకరించుకుని, మధ్యలో గుడ్డ అడ్డుపెట్టుకుని ఒక సగాన్ని దాచి మరొక సగాన్ని చూపిస్తూ ఇద్దరి పాత్రలనూ నడిపిస్తాడు. కూచిపూడి కళాకారులు కూడా ఈ వేషాలు కట్టి ఊరూరా తిరిగారు. కొన్ని రోజులపాటు రోజుకొక వేషంతో ఊరివారిని అలరించి, చివర ఇంటింటికీ వచ్చి సంభావన అడగడం వారి పద్ధతి. తాము ఎవరో చెప్పుకుని, విద్యను చూపినందుకు పుచ్చుకునే ప్రతిఫలాన్ని మోసపు సొమ్ము అని ఎవరూ అనలేరు.

ఆ అబ్బాయి విషయంలో నా సలహా ఇది. అతణ్ణి తరగతిలో లేపి నిలబెట్టి, వెక్కిరించిన పిల్లల చేత క్షమాపణ చెప్పించకండి. అలా చేస్తే అందరి చూపూ మళ్ళీ అతని మీదే పడుతుంది. దానికి బదులు పగటివేషాలనే ఒక పాఠంగా పెట్టుకుని, ఏ వేషానికి ఏ సామగ్రి కావాలి, ఏ మాటలు వాడతారు, రంగులు దేనితో కలిపేవారు అనే ప్రశ్నలను పిల్లలందరి చేత రాయించండి. ముందుగా ఆ ఇంటివారిని మీరు స్వయంగా కలిసి, వారికి ఇష్టమైతేనే తాతగారిని బడికి ఆహ్వానించండి. ఆయన ఆరోగ్యం సహకరించకపోతే ఆ ప్రశ్నలకు జవాబులు రాసుకుని వచ్చే పనిని ఆ అబ్బాయికీ, మరో ఇద్దరు స్నేహితులకూ కలిపి అప్పగించవచ్చు. ఈ కళకు సంబంధించిన పలుకుబడులు నిఘంటువులకు ఎక్కనివి చాలా ఉంటాయి. పెద్దవారు ఉండగానే వాటిని రాసి పెట్టుకోవడం ఒక తెలుగు ఉపాధ్యాయిని చేయగలిగిన విలువైన పని అని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

దాచడమనే అర్థాన్ని సూటిగా చెప్పే మాట కావాలంటే మనకు ‘ప్రచ్ఛన్నం’ ఉన్నది. ఇందాక అర్జునుని గాజుల దగ్గర చెప్పిన ‘ఛద్’ ధాతువుకు కప్పడమని అర్థం. ఆచ్ఛాదనం, ఎండావానల నుండి కప్పే ఛత్రం, ‘ఛద్మవేషం’లోని ఛద్మం దాని సంతానమే. గురువును గొడుగులా కాచుకునేవాడు కనుక శిష్యుణ్ణి ‘ఛాత్రుడు’ అన్నారని వ్యాఖ్యాతలు చెబుతారు. మీ వృత్తికి దగ్గరైన మాట కనుక ప్రస్తావించాను. ఆయుధాలతో బయటపడకుండా సాగిన వైరాన్ని మన పత్రికలు ‘ప్రచ్ఛన్నయుద్ధం’ అనడం ఈ అర్థానికి తగినట్లే ఉన్నది. పిల్లలు బడిలో వేసే విచిత్రవేషధారణ పోటీలను మలయాళీలు ‘ప్రచ్ఛన్నవేషం’ అంటారు, అక్కడ ఆ మాటకు దాపరికమనే బరువు తగ్గిపోయింది. ‘ముసుగు’ మన సొంత మాట, కన్నడంలో ‘ముసుకు’గా వినిపిస్తుంది. అది ముఖాన్ని కప్పుతుందే తప్ప మరొకరిలా చూపించదు. దొంగ ముసుగు వేసుకుంటాడు, చారుడు వేషం మారుస్తాడు.

ఇక సైన్సు మాస్టారుగారి ప్రశ్న. పురుగు విషయంలో ‘మారువేషం’ వద్దని చెప్పండి. ఎండుపుల్లలా కనిపించే పురుగు తనకున్న మరొక వేషాన్ని విడిచి ఈ వేషాన్ని ధరించలేదు. దాని ఒళ్ళే అలా ఉన్నది. ధరించడం, విడవడం అనేవి లేని చోట వేషమనే మాట పిల్లలలో పొరపాటు అభిప్రాయాన్ని కలిగిస్తుంది, పురుగు ఆలోచించి ఎత్తు వేసిందని వారు అనుకుంటారు. ఇంగ్లీషు పుస్తకాలు వాడే ‘కామఫ్లాజ్’ ఫ్రెంచి మాట. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఫ్రెంచి సైన్యం చిత్రకారులను చేర్చుకుని ఫిరంగులకూ స్థావరాలకూ పరిసరాలలో కలిసిపోయే రంగులు వేయించడంతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. సైనికులు రంగు పూయడం కూడా ధరించడం వంటిదే కనుక అక్కడ వేషమన్నా కొంత చెల్లుతుంది. జీవశాస్త్ర పాఠంలో మాత్రం ‘పరిసరాలలో కలిసిపోయే రంగు’, ‘పరిసరాలలో కలిసిపోయే ఆకారం’ అని విడమరచి చెప్పడమే మేలు, ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో పక్కన రాస్తే సరిపోతుంది. హానిలేని జీవి హాని చేసే మరొక జీవిలా కనిపించే సందర్భం ఇంకొకటి ఉన్నది. దానికి ‘అనుకరణ’ అనే మాట సరిగ్గా అమరుతుంది.

మీరు పిల్లల చేత నిఘంటువులు తిప్పించే పని పెట్టుకుంటే ఒక చిన్న సూచన. శబ్దరత్నాకరం వంటి పాత నిఘంటువులలో ఈ కుటుంబంలోని మాటలను సాధారణ రేఫతో వెతికితే దొరకవు. ‘మాఱు’ అని బండి రతో వెతకమనండి. వేషానికి ‘వేషము’, ‘వేసము’ అనే రెండు రూపాలనూ విడివిడిగా చూడమనండి.